సలేశ్వరం దారిలో రాత్రి బస ఎక్కడ?

అచ్చంపేట: చైత్రమాసం వచ్చిందంటే ఇటు అచ్చంపేట, లింగాల, కొల్లాపూర్ మొదలు అటు డిండి, దేవరకొండ వరకు పల్లెల్లో సద్ది మూటలు సిద్ధమవుతాయి. పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్యను చూసి రావడం తరతరాల ఆనవాయితీ. బయలుదేరే ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే ప్రశ్నలు రెండు. అడవి గేటు ఏయే రోజుల్లో తెరుస్తారు? రాత్రికి ఎక్కడ నడుం వాల్చాలి? మొదటి ప్రశ్నకు అటవీ శాఖ ఏటా జవాబు చెబుతున్నది. రెండవ దానికి జవాబు చెప్పవలసిన బాధ్యతను ఏ శాఖా నెత్తిన వేసుకోవడం లేదు. జాతర రోజుల్లో లోయ దారిలో ఏర్పడుతున్న తొక్కిడికి ఈ లోపం ఒక ముఖ్య కారణం.

పూర్వపు మహబూబ్‌నగర్, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల నడిమధ్యన వున్నది సలేశ్వరం. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ దాటాక ఫర్హాబాద్ గేటు వద్ద అడవిలోకి మళ్లి, చెంచు పెంటల మీదుగా రాళ్ల బాట పట్టాలి. వాహనాలు ఆగిపోయిన చోటు నుంచి మరో నాలుగైదు కిలోమీటర్లు కాలినడక తప్పదు. లింగాల మండలం అప్పాయిపల్లి వైపు నుంచి వచ్చే వారికి నడక ఇంకా ఎక్కువ. చివరకు దారి నిలువు గుట్టల నడుమ లోయలోకి దిగుతుంది. చాలాచోట్ల మనిషి వెనుక మనిషి నడవవలసినంత ఇరుకు. కింద గుండంలోకి దూకే జలధార, పక్కన గుహలో లింగమయ్య. పూజలు చేసేది చెంచులే. దిగేటప్పుడు వస్తున్నామని, ఎక్కేటప్పుడు పోయి వస్తామని లింగమయ్యకు కేకవేసి చెప్పుకుంటూ నడవడం ఇక్కడి వాడుక.

వెన్నెల నడక, ఎండ నడక

జాతర పౌర్ణమికి జరగడంలో ఒక సౌకర్యం వున్నది. చైత్ర పౌర్ణమి సాధారణంగా ఏప్రిల్‌లో పడుతుంది. పగలు బండరాళ్లు నిప్పుల్లా కాలుతాయి. రాత్రి చల్లబడుతుంది, నిండు వెన్నెల వుంటుంది. అందుకే పాతరోజుల్లో జనం పొద్దుగూకిన తర్వాత నడిచి, చెట్ల కింద మజిలీ చేసి, తెల్లవారే వేళకు గుండం చేరేవారు. మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుని, తిని, దుప్పటి పరుచుకుని పడుకునేవారు. ఎవరి అనుమతీ అడిగేవారు కారు.

ఇప్పుడు ఆ పద్ధతి చెల్లదు. ఇటీవలి సంవత్సరాల్లో జాతరను మూడు రోజులకు కుదించారు. ప్రవేశం పగటి వేళలకే పరిమితం. అడవిలో రాత్రి బసకు వీలు లేదు. పైగా మన్ననూర్ నుంచి దోమలపెంట వరకు శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను వదలరు.

ఈ ఆంక్షలకు బలమైన కారణాలు లేకపోలేదు. ఎండాకాలంలో నల్లమల వాగులు చాలావరకు ఎండిపోతాయి. నీరు మిగిలిన మడుగుల వద్దకే పులి, చిరుత, ఎలుగుబంటి, కణుజు, దుప్పి రావాలి. అవి ఎక్కువగా కదిలేది సాయంత్రం నుంచి తెల్లవారే లోపు. వేలాది జనం అదే వేళలో, అదే నీటి పక్కన పొయ్యిలు వెలిగించి పడుకుంటే మనిషికీ ముప్పే, మృగానికీ ముప్పే. ఆకులు రాలి నేలంతా ఎండుగడ్డి పరుచుకున్న ఆ రోజుల్లో ఆర్పకుండా వదిలిన ఒక్క నిప్పుకణిక గుట్టలకు గుట్టలను కాల్చగలదు. బీడీ ముక్క కూడా అంతే.

చట్టం ఏమంటున్నది?

నల్లమలలో కృష్ణకు ఇరువైపులా గల అడవిని 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో అది పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. నాడు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్ల మేర అది విస్తరించి వుండేది. 2014లో రాష్ట్రం వేరుపడిన తర్వాత తెలంగాణ వైపు భాగాన్ని అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా విడిగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు అత్యంత కీలకమైన లోపలి భాగం. సలేశ్వరం అందులోనే వున్నది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అందరూ ఇష్టం వచ్చినట్లు వెళ్లడానికి వీలులేదు. విధి నిర్వహణలో వున్న ప్రభుత్వోద్యోగులు, లోపల నివసించడానికి అనుమతి గలవారు, అక్కడ భూమి హక్కులు గలవారు, వారి మీద ఆధారపడిన వారు, ప్రభుత్వ రహదారి మీదుగా సాగిపోయేవారు మాత్రమే అనుమతి పత్రం లేకుండా వెళ్లవచ్చు. మిగిలిన వారికి 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. ఆ అనుమతి ఏయే పనులకు ఇవ్వవచ్చునో చట్టమే చెప్పింది: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు తీయడం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించే వారితో న్యాయసమ్మతమైన వ్యవహారం.

ఈ జాబితాలో పర్యాటకం వున్నది, యాత్ర అన్న మాట లేదు. చిక్కంతా ఇక్కడే వున్నది. సలేశ్వరం జాతర శతాబ్దాల నాటిదని ఎంత చెప్పుకున్నా, కాగితం మీద అది ఏటికేడు అధికారుల ఉత్తర్వు మీద నడిచే వ్యవహారంగానే మిగిలింది. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు అన్నది ప్రతి సంవత్సరం కొత్తగా తేలవలసిందే.

మరోవైపు పర్యాటకులకు దారి స్పష్టంగా వున్నది. మన్ననూర్‌లో రాత్రి బస, అడవిలో జీపు విహారం, వెంట మార్గదర్శి ఇవన్నీ కలిపి అటవీ శాఖ 2021 నవంబరులో ఒక పథకాన్ని ప్రారంభించింది. ఇంటర్నెట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని, రుసుము చెల్లించిన వారికి మంచం, దీపం, కాపలా అన్నీ అమరుతాయి. పథకం మంచిదే. మన్ననూర్‌లో, చుట్టుపక్కల చెంచులకు దానివల్ల కొంత పని కూడా దొరుకుతున్నది. కానీ జొన్నరొట్టెలు మూటగట్టుకుని ట్రాక్టరులో వచ్చే పదిమంది కుటుంబానికి ఆ దారి పనికిరాదు. వారు అడుగుతున్నది గదులు కావు. కాపలా గల ఒక మైదానం, తాగునీరు, మరుగుదొడ్డి, ఒక దీపం వుంటే వారికి చాలు.

ముప్పై ఆరు గంటల లెక్క

ఆంక్షలు లోయ దారిలో రద్దీని ఎలా పెంచుతున్నాయో చిన్న లెక్కతో తెలుస్తుంది. మూడు రోజుల జాతర రాత్రింబవళ్లు నడిస్తే 72 గంటలు. రోజుకు 12 గంటల పగలు మాత్రమే అంటే 36 గంటలు. చీకటి పడేలోగా తిరిగి పైకి రావాలి కనుక, సాయంత్రం గేటు దాటిన వారికి ప్రయోజనం లేదు. రోజుకు చివరి నాలుగు గంటలు తీసివేస్తే దిగడానికి మిగిలేది మొత్తం 24 గంటలు. వచ్చే జనంలో మార్పు లేదు, బాట వెడల్పులో మార్పు లేదు. కాలం మాత్రం మూడింట ఒక వంతుకు తగ్గింది. దిగే వారు, ఎక్కే వారు ఒకే ఇరుకులో, ఎండ నడినెత్తిన వున్న వేళ ఎదురుపడటం ఖాయం.

2023 ఏప్రిల్ జాతరలో భక్తులు ప్రాణాలు కోల్పోయిన విషాదాన్ని ఈ ప్రాంతం మరచిపోలేదు. ఎండ, రద్దీ, ఎక్కుడు దారి, వయసు మీదపడిన గుండె ఈ నాలుగూ కలిసిన చోట చిన్న ఆటంకమైనా పెద్ద ప్రమాదమవుతుంది. లోయలో నుంచి మనిషిని మోసుకుని పైకి తేవాలంటే ఎదురుగా వచ్చే జనాన్ని ఆపక తప్పదు. ఆపితే వెనుక మళ్లీ తొక్కిడి.

రాత్రిపూట అడవిలోకి మళ్లీ అనుమతించడం దీనికి పరిష్కారం కాదు. పైన చెప్పిన కారణాల వల్ల అది జరగకూడదు కూడా. కానీ రాత్రిని అడవి ఒడ్డున సుఖంగా గడిపే ఏర్పాటు వుంటే పరిస్థితి చాలావరకు మారుతుంది. బస ఎక్కడో తెలియని వారు నడిరాత్రే బయలుదేరి గేటు ముందు వాహనాల వరుసలో కూర్చుంటున్నారు. తెల్లవారి గేటు తెరవగానే అందరూ ఒక్కసారిగా లోపలికి పోతున్నారు. నిద్రలేని శరీరాలతో ఆ నిలువు దారి దిగి ఎక్కవలసి వస్తున్నది.

పొరుగున ఏం చేస్తున్నారు?

పులుల అడవిలో యాత్ర సాగడం నల్లమలకే ప్రత్యేకం కాదు. నది ఆవలి వైపు ఉగాదికి కన్నడ దేశం నుంచి వేలాది భక్తులు ఆత్మకూరు వద్ద అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం నడిచి వెళతారు. అదీ పులుల అభయారణ్యమే. అక్కడ ఫలానా రోజుల్లోనే అని దారి తెరుస్తారు. పెచ్చెరువు వంటి మజిలీల వద్ద నీరు, వైద్యం, భోజనం సమకూరుస్తారు. మజిలీ ఎక్కడో ముందే తెలిసినందువల్ల జనం ఆ లెక్కనే నడుస్తారు.

మాల వేసుకుని శబరిమల వెళ్లి వచ్చిన వారు మన జిల్లాల్లో ఊరికి పదుల సంఖ్యలో వుంటారు. ఎరుమేలి నుంచి పంబ వరకు గల పెద్దపాదం దారి పెరియార్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. ఆ దారిలో ఒక వేళ దాటితే ముందుకు వదలరు. ఆగిన వారు నిర్ణీత మజిలీలోనే రాత్రి గడపాలి. అంగళ్లు, విరులు నడిపేది స్థానికులతో ఏర్పడిన పర్యావరణ అభివృద్ధి సంఘాలు. చెత్త ఏరేది కూడా వారే. ఆ సంపాదన అడవి పక్క కుటుంబాలకు చెందుతున్నది కనుక అడవిని కాపాడటం వారి అవసరమైంది. అంతదూరం వెళ్లి ఆ క్రమశిక్షణను పాటించిన మన యాత్రికులు ఇక్కడ పాటించరనుకోవడానికి కారణం లేదు.

నల్లగొండ వైపు సంగతి

అమ్రాబాద్ అభయారణ్యంలో నల్లగొండ జిల్లా భాగం కూడా వున్నది. దేవరకొండ దిగువన నేరెడుగొమ్ము, చందంపేట మండలాల్లో అడవి నాగార్జునసాగర్ జలాశయం వెనుక నీటి అంచు వరకు వస్తుంది. వైజాగ్ కాలనీ ఒడ్డున హైదరాబాద్ యువకులు శని, ఆదివారాల్లో గుడారాలు వేసుకుని, చేపలు కాల్చుకుని రాత్రి గడపడం కొన్నేళ్లుగా పెరిగింది. వారిని చూసి మన ఊళ్ల కుర్రకారు కూడా అదే బాట పడుతున్నారు.

ఇక్కడ తెలుసుకోవలసింది హద్దు సంగతి. గ్రామకంఠం, పట్టాభూమి, జలాశయం ముంపు భూమి, రక్షిత అడవి ఒకదానినొకటి ఆనుకుని వున్నాయి. పట్టాభూమిలో రైతు అనుమతితో వేసిన గుడారానికి, వంద గజాల అవతల అడవిలో వేసిన గుడారానికి చట్టం దృష్టిలో ఎంతో తేడా. గుడారం పాతేముందు స్థలం ఎవరిదో పంచాయతీలోనో, అటవీ బీటు అధికారి వద్దనో తెలుసుకోవడం మంచిది. శ్రీశైలం నుంచి నీరు వదిలితే వెనుక నీటి మట్టం పెరుగుతుంది కనుక నీటి అంచున పడుకోకూడదు. కృష్ణలో మొసళ్లు వున్నాయన్నది కూడా మరువరాదు.

ఏం చేయవచ్చు?

చైత్ర పౌర్ణమి ఏ తేదీన పడుతుందో పంచాంగంలో ముందే వుంటుంది. ఉగాది నుంచి పౌర్ణమికి పక్షం రోజులే వ్యవధి. ఆ పక్షంలో యాసంగి పంట కోతలు, ధాన్యం కల్లాల పని కూడా వుంటుంది. జాతర రోజులు, గేటు వేళలు శివరాత్రికే ప్రకటిస్తే రైతు తన పని చూసుకుని ప్రయాణం నిర్ణయించుకోగలడు. చివరి వారంలో ప్రకటిస్తే అందరూ పౌర్ణమి నాడే ఎగబడతారు.

రెండవది, అడవి వెలుపల మజిలీలు. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరుగాంచిన ఉమామహేశ్వరం దిగువన, మన్ననూర్‌లో, లింగాల వైపు అప్పాయిపల్లి వద్ద మూడు చోట్ల జాతర రోజులకు బస ఏర్పాటు చేయవచ్చు. శాశ్వత కట్టడాలు అవసరం లేదు. పందిరి, నీటి ట్యాంకరు, తాత్కాలిక మరుగుదొడ్లు, వైద్య శిబిరం వుంటే సరిపోతుంది. వంట అంతా అక్కడే. అడవిలోకి పొయ్యి, అగ్గిపెట్టె వెళ్లనవసరం లేదు. జిల్లా యంత్రాంగం, దేవాదాయ శాఖ, పంచాయతీలు కలిసి చేయవలసిన పని ఇది. అటవీ శాఖ ఒక్కదాని మీద వదిలితే సాగదు.

మూడవది, ప్రవేశ చీట్లు. మజిలీ వద్దనే రోజు, పూట రాసిన చీటీ ఇచ్చి, వరుస ప్రకారం గేటుకు పంపితే దిగే వారి సంఖ్య అదుపులో వుంటుంది. ఇంటర్నెట్‌లో ఇస్తే చాలునని అనుకోకూడదు. ముసలివారికి, చదువురాని వారికి గ్రామ పంచాయతీలో కూడా చీటీ దొరకాలి. పౌర్ణమి నాటి చీట్లకే అందరూ పట్టుబట్టే మాట నిజమే. ఆ రోజు ఒక్కో పూటకు ఇంతమంది అని పరిమితి పెట్టి, మిగిలిన వారిని ముందు వెనుక రోజులకు సర్దడం తప్పదు. పంతానికి పోతే అందరికీ నష్టం.

నాలుగవది, చెంచుల పాత్ర. లింగమయ్య పూజారులు వారే, దారి తెలిసింది వారికే. అటవీ శాఖ కాపలా శిబిరాల్లో ఇప్పటికే చెంచులు పనిచేస్తున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద హక్కును గుర్తించింది. వారి పెంటల మీదుగా లక్షల అడుగులు నడిచే జాతరను ఎలా జరపాలో నిర్ణయించే సమావేశంలో వారి గ్రామసభలకు చోటు వుండాలి. ప్రవేశ రుసుము వసూలైతే అందులో వాటా పెంటలకు చేరాలి. వారు వాడుకునే నీటిచెలమలు జాతర తర్వాత కూడా శుభ్రంగా మిగలాలి.

వెళ్లేవారు గమనించవలసినవి

ఏర్పాట్లు జరిగేదాకా యాత్ర ఆగదు. వెళ్లేవారు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే సగం ఇబ్బంది తప్పుతుంది.

గేటు వేళలు ఆ సంవత్సరపు ప్రకటన చూసిన తర్వాతే నమ్మాలి. నిరుటి లెక్క ఈ ఏటికి పనికిరాదు. జాతర కాని రోజుల్లో సలేశ్వరం బయలుదేరకూడదు. జూలై నుంచి సెప్టెంబరు చివరి వరకు వానాకాలంలో పులుల అడవి లోపలి భాగంలో పర్యాటకులకు కూడా ప్రవేశం వుండదు.

ముందురోజు సాయంత్రానికే మన్ననూర్, అచ్చంపేట, ఉమామహేశ్వరం వంటి చోట చేరి నిద్రపోవాలి. తెల్లవారగానే దిగి, ఎండ ముదరకముందే పైకి రావాలి. గుండెజబ్బు, ఆయాసం గలవారు, నిండు గర్భిణులు, చంటిపిల్లల తల్లులు లోయలోకి దిగే సాహసం చేయరాదు.

వండిన తిండినే తీసుకువెళ్లాలి. జొన్నరొట్టె, పల్లీల పొడి, అటుకులు, పేలాలు రెండు పూటలకు చెడవు. మనిషికి కనీసం మూడు లీటర్ల నీరు స్టీలు సీసాల్లోనో, క్యానులోనో వుండాలి. ఉప్పు, చక్కెర కలిపిన పొట్లం వెంట వుంచుకోవాలి. ప్లాస్టిక్ సంచులు, గ్లాసులు గేటు వద్దనే తీసివేస్తారు. అభయారణ్యంలో చెత్త వేయడం 27వ సెక్షన్ కింద నేరం. నిప్పు పెట్టడం 30వ సెక్షన్ కింద నేరం. ఆయుధంతో ప్రవేశించడం 31వ సెక్షన్ కింద నేరం. చట్టం చెప్పిన ఆయుధాల్లో కత్తి కూడా వున్నది కనుక కొబ్బరికాయ కొట్టే కత్తిని కూడా ఇంటివద్దే వుంచడం క్షేమం.

లోయలో ఫోను పలకదు. గుంపుగా వెళ్లినవారు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో వాహనం దిగిన చోటనే చెప్పుకోవాలి. పిల్లల జేబులో ఊరి పేరు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ పెట్టాలి. శివరాత్రికి శ్రీశైలం రోడ్డు మీద నడిచి వెళ్లే శివస్వాములు మన్ననూర్ నుంచి దోమలపెంట దాకా యాభై కిలోమీటర్లకు పైబడిన అడవిని ఒక్క నడకలో దాటాలనుకోకూడదు. దాదాపు సగం దారిలో వున్న వటవర్లపల్లిలో పొద్దుండగానే ఆగి, తెల్లవారి బయలుదేరాలి.

సలేశ్వరం జాతరను పూర్తిగా ఆపాలని ఎవరూ అడగడం లేదు. పులుల అడవిని జనానికి వదిలిపెట్టాలనీ ఎవరూ అడగడం లేదు. ఆ రెంటి నడుమ తేలవలసింది ఒక రాత్రి బస సంగతి. ఏటా శివరాత్రి లోపల జిల్లా కలెక్టరు, అటవీ అధికారులు, దేవాదాయ శాఖ, పంచాయతీలు, చెంచు పెంటల పెద్దలు ఒకచోట కూర్చుంటే మజిలీ స్థలాలు, చీట్ల సంఖ్య, గేటు వేళలు ఒక్క పూటలో తేల్చుకోవచ్చు. ఆ సమావేశం జరగని పక్షంలో మళ్లీ చైత్ర పౌర్ణమి నాటికి నిద్రలేని జనం ఫర్హాబాద్ గేటు ముందు వరుస కట్టి వుంటారు.